పుస్తకం ఎవరు తెచ్చిపెడతారు?

అమెరికాలో ఫ్రాన్సిస్కన్ సన్యాసులు పెట్టిన క్యాథలిక్ యూనివర్సిటీలు కొన్ని ఉన్నాయి. న్యూయార్క్ రాష్ట్రంలో 1858లో మొదలైన సెయింట్ బొనవెంచర్ వాటిలో ఒకటి. ఇలాంటి క్యాంపస్‌లలో ‘ఫ్రాన్సిస్కన్ విలువలు’ అంటే వినయం, సేవ, ప్రకృతి పట్ల గౌరవం. మంచి మాటలే, ఎవరూ కాదనలేని మాటలు. కానీ అస్సీసీ ఫ్రాన్సిస్ అంత తేలిగ్గా మింగుడుపడే మనిషి కాదు. అసలు ఆయన పేరు మీద యూనివర్సిటీ అంటేనే ఏదో తేడాగా లేదూ?

ఆయన సహచరుల జ్ఞాపకాల్లో ఒక కథ ఉంది. కొత్తగా చేరిన ఒక కుర్రాడు తనకో కీర్తనల పుస్తకం కావాలన్నాడు. ఫ్రాన్సిస్ ఒప్పుకోలేదు. ఇవాళ ఇది అడుగుతావు, రేపు ఇంకో ప్రార్థనల పుస్తకం కావాలంటావు, ఆ తర్వాత బిషప్‌లా కుర్చీలో కూచుని, పుస్తకం పట్రమ్మని తోటివాడికి పురమాయిస్తావు అన్నాడట.

ఆయనకి చదువంటే పడదని చెప్పడానికి ఈ కథ వాడుతుంటారు. నాకైతే ఇందులో పుస్తకం కన్నా ఆ కుర్చీ ముఖ్యం. కుర్చీ కన్నా, పుస్తకం తేవడానికి లేచే ఆ రెండోవాడు ముఖ్యం. వాళ్ళ సంఘం పేరే ‘చిన్న సోదరులు’. చదువొచ్చినవాడు తనకి తెలీకుండానే పెద్దవాడైపోతాడు.

చదువు వద్దని కూడా ఆయన అనలేదు. సోదరులకి దైవశాస్త్రం చెప్పమని పాదువా అంతోనికి చిన్న ఉత్తరం రాశాడు. ఆ చదువులో పడి ప్రార్థన చల్లారిపోకూడదన్నది ఒక్కటే షరతు. ఇంకోసారి, ఇద్దరు సోదరుల తల్లి సాయం కోసం వచ్చింది. ఇవ్వడానికి అక్కడ ఒక్క కొత్త నిబంధన తప్ప ఏమీ లేదు. అదే ఇచ్చెయ్యండి, అమ్ముకుంటుంది అన్నాడు. ఆ రోజుల్లో పుస్తకమంటే తోలు మీద చేత్తో రాసింది, బోలెడు ఖరీదు.

1226లో ఆయన చనిపోయాడు. పదేళ్ళు తిరిగేసరికి పారిస్ యూనివర్సిటీలో పేరున్న ప్రొఫెసర్, అలెగ్జాండర్ ఆఫ్ హేల్స్, ఈ సంఘంలో చేరాడు. ఆయనతో పాటు ఆయన కుర్చీ కూడా వచ్చింది! ఆ తర్వాత బొనవెంచర్, డన్స్ స్కోటస్, ఓకమ్. ఇక వెనక్కి వెళ్ళే ప్రసక్తే లేదు.

మరి పేదరికం వ్రతం సంగతి? ఇళ్ళూ పుస్తకాలూ వాడుకోవచ్చు, సొంతం మాత్రం కాదు అని 1230లో పోప్ తొమ్మిదవ గ్రెగరీ దారి చూపించాడు. వకీలు తెలివి అని నవ్వుకోవచ్చు. 1322లో ఇంకో పోప్, ఇరవై రెండవ జాన్, ఈ ఏర్పాటుని కొట్టిపడేశాడు కూడా. నాకు మాత్రం ఆ ఆలోచన మీద మనసు పోదు. చదువుని అలా వాడుకోగలమా, నాది అనకుండా?

అప్పు చేసి ఫీజు కట్టిన పంతొమ్మిదేళ్ళ అమ్మాయికి ఈ మాట చెప్పి చూడండి. ‘డిగ్రీ నీది కాదమ్మా, లోకానిది’ అంటే, ‘మరి వాయిదాలు?’ అంటుంది. న్యాయమే కదా. అడుక్కుని తిన్నవాళ్ళకి ఆ మాట చెప్పే హక్కు ఉంది. ఫీజు తీసుకునే సంస్థకి అంత సులువుగా రాదు. అందుకే, వినయం పాఠం విద్యార్థులకి చెప్పేముందు సంస్థ తనే ఒకసారి చదువుకోవాలంటాను.

బొనవెంచర్ గురించి ఓ కథ చెబుతారు. కార్డినల్ టోపీ పట్టుకుని పోప్ మనుషులు వచ్చేసరికి ఆయన గిన్నెలు కడుగుతున్నాడట. చేతులు ఖాళీ లేవు, పని అయ్యేదాకా ఆ చెట్టుకి తగిలించండి అన్నాడట. జరిగిందో లేదో గానీ, ఇప్పటి క్యాంపస్‌లో గిన్నెలు కడిగేది వేరే మనుషులు. అమెరికా కాలేజీల్లో చాలా క్లాసులు చెప్పేది కూడా కోర్సుకింతని డబ్బు తీసుకునే కాంట్రాక్ట్ లెక్చరర్లు. వచ్చే సెమిస్టర్ పని ఉంటుందో లేదో వాళ్ళకే తెలీదు. ఫ్రాన్సిస్ పేరు పెట్టుకున్న చోటికి వెళ్తే నేను ముందు కనుక్కునేది ఇదే: ఆ లెక్చరర్‌కి కూచోడానికి ఓ గది ఇచ్చారా, మెస్‌లో ప్లేట్లు తీసే ఆవిడ పేరు డీన్‌కి తెలుసా అని.