అంటుకొమ్మలో జీవుడు

దామలచెరువు చుట్టూ అంటుకట్టిన తోతాపురి తోటలే. జన్యువుల లెక్కన అవన్నీ దాదాపు ఒకే చెట్టు. నాటు టెంక మొలిస్తే అలా కాదు. పరాగం కలిసి కొత్త చెట్టు పుడుతుంది.

అంటుకట్టేటప్పుడల్లా నన్ను ఒక ప్రశ్న వేధిస్తుంది: అన్నిట్లో ఉన్నది ఒకే జీవుడా? జీవుడు విడిచిన కొమ్మ ఎండిపోతుందని ఛాందోగ్యోపనిషత్తులో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతుకు చెబుతాడు. మరి కోసిన అంటుపుల్ల చిగురిస్తుందే! రామానుజుల దృష్టిలో జీవుడు అణువు, ముక్కలు కాడు. కాబట్టి పుల్లలోకి వేరే జీవుడు వచ్చాడనే నమ్ముతాను. కవలల్లా దేహం ఒకటే అచ్చు, జీవులు వేరు.

దేహాలన్నీ ఒకే అచ్చయితే తోటంతా పోవడానికి ఒక్క తెగులు చాలు. తీగముక్కలతో పెంచే వెనీలా తోటలకూ అదే గండం. వాటి వైవిధ్యం ఎక్కువగా మెక్సికో, మధ్య అమెరికా అడవి తీగల్లోనే మిగిలింది. అందుకే గట్టుమీది నాటు పీచుమామిడిని కొట్టేయమంటే నేను ఒప్పుకోను. దాని టెంకలతోనే నారు పోస్తాను.