దూరపు ద్వీపము ఎవరికి దూరము?

ధ్యానభాగము: అపొస్తలుల కార్యములు 28వ అధ్యాయము, 1 నుండి 10 వచనములు



ఈ నెల మనము ధ్యానించుటకు తీసికొనిన భాగములో, ఓడ బద్దలై, తడిసిన బట్టలతో, చలికి వణకుచు ఒడ్డు చేరిన 276 మందిని చూచుచున్నాము. కొందరు ఈదివచ్చిరి, కొందరు పలకలను పట్టుకొని వచ్చిరి. వారిలో ఖైదీలున్నారు, సైనికులున్నారు, ఓడవారున్నారు. రోమాకు ఖైదీగా పోవుచున్న పౌలు ఉన్నాడు. ఆయనతోకూడ ప్రయాణము చేయుచున్న లూకా ఉన్నాడు. తాము చేరిన భూమి ఏదో వారెవరును ఎరుగరు. ఒడ్డెక్కిన తరువాతనే అది మెలితే అని తెలిసికొనిరి. నేడు దానినే మాల్టా అని పిలుచుచున్నారు.

ఆ ద్వీపవాసులను గూర్చి లూకా వాడిన మాటను మన బైబిలులో అనాగరికులు అని తర్జుమా చేసిరి. మూలభాషలో ఆ మాటకు గ్రీకు భాష రానివారని భావము. అనగా, మన మాట రానివారు, మనవంటివారు కానివారు అని. అయితే ఆ మాట రానివారు ఏమి చేసిరి? మీరెవరు, ఏ ఊరు, ఏ నేరము చేసి సంకెళ్లు వేయించుకొంటిరి అని అడుగక ముందే నిప్పు రాజబెట్టిరి. లూకా ఆ దీవి కొండలెట్టివో, పంటలెట్టివో వ్రాయలేదు. వాన కురిసెను, చలి వేసెను, వారు నిప్పు రాజబెట్టిరి అని వ్రాసెను. ఎంత దూరము తిరిగివచ్చిన యాత్రికునికైనను కడకు జ్ఞాపకముండునది అదియే గదా!

ఇట్టి అనుభవము పౌలు కాలముతోనే ముగిసిపోలేదు. మనుష్యులు నివసించు దీవులలో అన్నిటికంటె దూరమైనదని పేరుపొందిన త్రిస్తాన్ డ కూన్యా అను దీవిని గూర్చి కొన్ని సంగతులు ఇక్కడ చెప్పదలచితిమి. అది దక్షిణ అట్లాంటిక్ మహాసముద్రము నడుమ సముద్రములోనుండి లేచిన ఒక అగ్నిపర్వతము. మనుష్యులు కాపురముండు తక్కిన భూమిలో దానికి దగ్గరిదైన సెయింట్ హెలీనా దీవియే సుమారు 2,400 కిలోమీటర్ల దూరముననున్నది. దక్షిణ ఆఫ్రికాలోని కేప్‌టౌన్ ఇంకను దూరము. అక్కడ విమానము దిగు స్థలము లేదు. నేటికిని కేప్‌టౌన్ నుండి ఓడలో దాదాపు ఒక వారము ప్రయాణము చేయవలెను. ఓడలు పోవునది ఏడాదికి కొన్ని మారులు మాత్రమే. పోవువారు ముందుగా దీవి పెద్దల సభనుండి అనుమతి పొందవలెను. అక్కడి జనసంఖ్య రెండు వందల పైచిలుకు మాత్రమే.

ఇంతచేసి పోయినను దిగుదుమను నిశ్చయము లేదు. అక్కడి రేవు చిన్నది, అలలు పెద్దవి. ఓడ దూరముగా లంగరు వేయవలెను. సముద్రము శాంతించిన దినమున చిన్న పడవలమీద ఒడ్డు చేరవలెను. ఎంతో ధనము వెచ్చించి, ఎంతో దూరమునుండి వచ్చి, ఓడపైనుండి ఊరి ఇండ్ల కప్పులను చూచి అట్లే వెనుదిరిగిన యాత్రికులు అనేకులు. కాబట్టి ఆ దీవి యాత్రికునికి నేర్పు మొదటి పాఠము ఓర్పు. అక్కడ మన గడియారము చెల్లదు, మన డబ్బు చెల్లదు. ఒడ్డుననున్నవారు పడవ తెచ్చినప్పుడే దిగుదుము.

1824లో అగస్టస్ ఎర్ల్ అను ఆంగ్లేయ చిత్రకారుడు బ్రెజిలు దేశమునుండి బయలుదేరి మన కలకత్తాకు రావలెనని ఓడ ఎక్కెను. పెనుగాలికి ఆ ఓడ త్రిస్తాన్ యొద్ద ఆగెను. ఏ చిత్రకారుడును ఇంతకుముందు అడుగుపెట్టని స్థలమని ఆశపడి, అతడు తన కుక్కను వెంటబెట్టుకొని దిగెను. మూడు దినములైన పిమ్మట ఓడ అతనిని ఒడ్డుననే విడిచి వెళ్లిపోయెను. ఎనిమిది నెలలు అతడు అక్కడనే యుండవలసివచ్చెను.

అప్పటికి ఆ దీవిలో నున్నది కొద్దిమందియే. వారికి పెద్ద విలియం గ్లాస్ అను స్కాట్లాండు సైనికుడు. 1816లో దీవిని కాయుటకు వచ్చిన సైన్యము మరుసటి సంవత్సరము తిరిగిపోగా, అతడు భార్యాబిడ్డలతోను మరి ఇద్దరితోను అక్కడనే నిలిచిపోయెను. తమలో ఒకడు ఎక్కువ, ఒకడు తక్కువ అనునది ఉండకూడదనియు, లాభనష్టములు అందరికి సమానమనియు వారు 1817లోనే కాగితముపై వ్రాసికొనిరి. అట్టివారి నడుమ ఈ చిత్రకారుడు పడెను. వారు తాము తినుదానిలో అతనికి పెట్టిరి. అతడు వారి పిల్లలకు చదువు చెప్పెను. ఆదివారమున ప్రార్థన పుస్తకము తెరచి ఆరాధన నడిపెను.

అతడు అక్కడ వేసిన చిత్రములలో ఒకటి నేడు ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయములో ఉన్నది. ప్రొద్దు గ్రుంకువేళ ఒకడు ఒడ్డున కూర్చుండి, ఏదైన తెరచాప కనబడునేమోయని సముద్రపు అంచువైపు చూచుచున్నాడు. దానికి ఏకాంతము అని పేరు పెట్టెను. ఆ మనుష్యుని బాధ నిజమైనదే; దానిని మేము తేలిక చేయము. అయితే ఒక సంగతి గమనించుడి. అతని చూపు సముద్రముమీద నున్నది. అతని భోజనము వీపు వెనుకనున్న ఇంటనుండి వచ్చుచున్నది. ఎనిమిది నెలలు అతని ప్రాణము నిలిపినవారు అతని వెనుకనుండిరి. 1824 నవంబరులో ఒక ఓడ అతనిని ఎక్కించుకొని టాస్మేనియాకు చేర్చెను. కొన్ని సంవత్సరములకు అతడు మన మద్రాసునకును వచ్చెను.

ఇక ఆ దీవివారికి రాకపోకల ఓడలవలన కలిగినదేమి? 1885 నవంబరులో, అటుగా పోవుచున్న ఒక ఓడను కలిసికొని సరుకులు మార్చుకొనవలెనని 15 మంది పురుషులు ఒక పడవ ఎక్కి వెళ్లిరి. వారిలో ఒక్కడును తిరిగి రాలేదు. ఆ చిన్న ఊరిలో పెద్దవయసు మగవారు కొద్దిమందియే మిగిలిరి. మిగిలినవారు విధవలు, తండ్రిలేని బిడ్డలు. ఆ తరువాత ఏడు సంవత్సరములకు, 1892లో, ఇటాలియా అను ఓడ నిప్పంటుకొని ఆ ఒడ్డుననే నేలకు తగిలెను. మా ఇంటివారిని మ్రింగినది ఓడయే, ఇక ఓడవారితో మాకేమి పని అని ఆ విధవలు అనవచ్చును. వారట్లు అనలేదు. ఆ నావికులను ఇండ్లలో చేర్చుకొని అన్నము పెట్టిరి. వారిలో రెపెట్టో, లావరెల్లో అను ఇద్దరు ఇటలీ దేశస్థులు ఇక తిరిగిపోక అక్కడనే కాపురముండిరి. నేటికిని ఆ రెండు ఇంటిపేర్లు ఆ దీవిలో ఉన్నవి. మెలితేలో రాజబెట్టిన నిప్పు ఇట్టిదే.

ప్రియులారా, ఇంకొక సంగతి వినుడి. 1961 అక్టోబరులో ఊరి ప్రక్కనే నేల పగిలి అగ్నిపర్వతము రగులుకొనెను. అక్కడి జనులందరు, సుమారు 260 మంది, పడవలెక్కి ప్రాణములు దక్కించుకొని, కేప్‌టౌన్ మీదుగా ఇంగ్లండు చేరిరి. ఇప్పుడు వారే యాత్రికులైరి. ఇంగ్లండే వారికి దూరపు దీవి ఆయెను. అక్కడివారు వారికి ఇండ్లు, బట్టలు, పనులు ఇచ్చిరి, ప్రేమతోనే ఇచ్చిరి. ఇక వీరు ఆ బండలయొద్దకు ఏల తిరిగి పోవుదురని అనేకులు తలంచిరి. కాని ఆ చలికాలములో కొందరు వృద్ధులు రోగములచేత మరణించిరి. మోటారు బండ్ల రొద, తాళము వేసిన తలుపులు, పొరుగువాడు ఎవడో తెలియని వీధులు వారికి కొత్త. తుదకు 1962 డిసెంబరులో పెద్దవారందరి అభిప్రాయము అడుగగా, తిరిగి పోవుదుమని చెప్పినవారు 148 మంది, వద్దన్నవారు 5 గురు. 1963లో తిరిగి పోయిరి. తరువాత కొందరు మరల ఇంగ్లండుకు వచ్చిన మాటయు నిజమే. అయినను అధిక సంఖ్యాకులకు ఆ దీవి దూరము కాదు, ఇల్లు.

ఆ ఊరిలో నేడొక బోర్డు ఉన్నది. అన్నిటికంటె దూరపు దీవికి స్వాగతమని దానిమీద వ్రాసిరి. లోకము తమకు పెట్టిన పేరునే వ్రాసి, దాని ప్రక్కనే స్వాగతము అను మాట పెట్టిరి! దూరము అనునది వచ్చువాని మాట. స్వాగతము అనునది అక్కడ నున్నవాని మాట.

ఈ సంగతి మాకు పుస్తకములవలన మాత్రమే తెలిసినది కాదు. మా తప్పిదము ఒకటి ఇక్కడ ఒప్పుకొనవలసియున్నది. గోదావరి నడుమ ఒక లంకలో కొద్ది కుటుంబముల చిన్న సంఘమున్నది. ఒక ఏడు వరదలు వచ్చినవి. మొదట పడవ లేదంటిమి. పడవ నడచినప్పుడు రేవు బురదయంటిమి. బురద ఆరినప్పుడు మరియొక పనియంటిమి. మూడు నెలలు దాటిన పిమ్మట వెళ్లితిమి. రేవు దిగి, జాలిపడుచు, "మీరు చాలా దూరమైపోయారు మామ్మా" అని అక్కడి వృద్ధురాలితో పలికితిమి. ఆమె మాకు మజ్జిగ ఇచ్చుచు, "మేమెక్కడికీ పోలేదండి అయ్యగారూ. ప్రతి ఆదివారం చాప పరుచుకుని ఇక్కడే ఉన్నాం" అనెను. ఆ మాటలో కోపము లేదు. అందుచేతనే అది మమ్మును ఎక్కువగా గ్రుచ్చెను. మేము రాని ఆదివారములలోను అక్కడ చాప పరచిరి, పాట పాడిరి, ప్రార్థించిరి. ప్రభువు అక్కడ ఉండెను. లేనిది మేమే.

కాబట్టి ఈ ధ్యానమునుండి మూడు సంగతులు మనస్సున ఉంచుకొందము.

మొదటిది: దేవునికి దూరపు దీవి లేదు. యెషయా ప్రవక్త 42వ అధ్యాయములో ద్వీపములు ప్రభువు బోధకొరకు కనిపెట్టుచున్నవని తెలిపియున్నాడు. 139వ కీర్తన వ్రాసిన భక్తుడు సముద్రపు కడకు పోయినను దేవుని హస్తము తప్పదని ఎరిగినవాడు. మన గ్రామము బస్సు రాని గ్రామమైనను, సంఘపు లెక్కలో కట్టకడపటి పేరు మనదైనను, ఆయన లెక్కలో అది చివరిది కాదు.

రెండవది: వెళ్లువారు ఇచ్చుటకు మాత్రమే పోవుచున్నామని అనుకొనకూడదు. పౌలు మెలితేలో పొప్లి తండ్రి రోగము బాగుచేసెను, అది నిజము. కాని దానికి ముందు అతడు వారి నిప్పుయొద్ద చలి కాచుకొనెను. అంతమాత్రమే కాదు, ఆ నిప్పుకు తానును పుల్లలేరి తెచ్చెను. ఉపకారము పొందుటకు సిగ్గుపడనివాడే నిజముగా ఉపకారము చేయగలడు. సేవకులమైన మేము దీనిని ముందుగా నేర్చుకొనవలెను.

మూడవది: మన ప్రభువే గొప్ప యాత్రికుడు. మార్కు సువార్త 4, 5 అధ్యాయములు చదువుడి. తుపానులో సరస్సు దాటి, ఆవలి ఒడ్డున సమాధులలో తిరుగుచున్న ఒక్క మనుష్యుని బాగుచేసి, ఆ ఊరివారు పొమ్మనగా వెంటనే తిరిగివచ్చెను. ఒక్కనికొరకు అంత ప్రయాణము! ఊరివారికి ఆ మనుష్యుడు చేరరానంత దూరమున నున్నాడు. ప్రభువునకు అతడు ఒక పడవ ప్రయాణమంత దూరముననే ఉన్నాడు.

ఈ నెలలో మీలో ప్రతివారు ఒక్క ఇంటిని తలంచుకొనుడి. పొలము గట్టున ఒంటరిగా నున్న ఇల్లు కావచ్చును. రోగముచేత గుడికి రాలేని వృద్ధుని ఇల్లు కావచ్చును. మాట పట్టింపుచేత మీరు కాలుపెట్టని మీ అన్నదమ్ముని ఇల్లు కావచ్చును. అది చాల దూరమని మీరు చెప్పుకొనుచున్నారు. నిజముగా దూరము ఎన్ని అడుగులో లెక్కపెట్టి చూడుడి. పోయినప్పుడు జాలిమాటలు చెప్పకుడి. వారు పెట్టినది తినుడి, వారు చెప్పినది వినుడి. మీరు పోకముందే ప్రభువు అక్కడ నున్నాడని మీరే కనుగొందురు.

ప్రార్థన: ద్వీపములకును లంకలకును ప్రభువవైన తండ్రీ, నీవు దగ్గరగా ఉంచినవారిని మేము దూరమని పిలిచితిమి, మమ్మును క్షమించుము. మాకొరకు నిప్పు రాజబెట్టిన చేతులను ఆశీర్వదించుము. సముద్రమున ప్రయాణము చేయువారిని, ఒడ్డున కనిపెట్టువారిని కాపాడుము. ఆవలి ఒడ్డునకు దాటివచ్చిన నీ కుమారుడైన యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము. ఆమేన్.