తప్పుల్లేని అబద్ధం

గరివిడిలో తొమ్మిదో తరగతి ఆడపిల్లల ఇంగ్లీషు నోటుపుస్తకాలు చూశాను. ‘మై మదర్’ వ్యాసం. దాదాపు అన్నిట్లోనూ తల్లి ‘హౌస్‌వైఫ్’. గైడులో అలాగే ఉంది. ఒకమ్మాయిని తెలుగులో అడిగితే వెంటనే చెప్పింది: "మాయమ్మ నాట్లకెల్తాది, కలుపుకెల్తాది." నోటుపుస్తకంలో ఆ తల్లి లేదు. స్పెల్లింగు తప్పుల్లేవు కనుక పదికి ఎనిమిది మార్కులొచ్చాయి.

భాష నేర్చుకోడానికి రాసిన వాక్యం నిజం కానక్కర్లేదంటారు కొందరు టీచర్లు. పులి గురించి రాయాలంటే పులిని చూడాలా అని అడుగుతారు. అక్కర్లేదు. మనం ఏం రాసినా పులికి నష్టం లేదు. కానీ ఆడవాళ్ళ పొలం పనిని పనిగానే లెక్కించని సమాజంలో, ఆ పనిని కూతురి చేతే తుడిపించడం వ్యాకరణానికి సంబంధించిన విషయం మాత్రమేనా?

పక్కనున్న చీపురుపల్లిలో చిన్నప్పుడు చదువుకున్న గురజాడ, 1909 నాటి ‘కన్యాశుల్కం’ రెండో కూర్పులో ఇలాంటి ఇంగ్లీషునే చూపించారు. గిరీశం, వెంకటేశం ఇంగ్లీషులో మాట్లాడుతుంటే, అర్థంకాని తల్లి వెంకమ్మ మురిసిపోతుంది. అక్కడ మోసగాడు గిరీశం. ఇక్కడ మోసగాడంటూ ఎవరూ లేరు. గైడూ, మార్కులూ చాలు.

ఇంగ్లీషు వద్దనడం లేదు. ఆ పిల్లకి అది కావాలి. కూలికెళ్ళే తల్లి కోరుకునేదీ అదే. నేనడిగేది ఒకటే. ‘మై మదర్ గో టు ఫీల్డ్’ అని రాసిన పిల్ల కూడా మన క్లాసులో ఉంటుంది. ఆమె క్రియని దిద్దుదాం. గైడు వాక్యం కన్నా ఆమె వాక్యానికే ఎక్కువ మార్కులేద్దాం.