సరియైన సాంగత్యము

ఖరగ్‌పూరు రైల్వేస్టేషనులోని ప్లాట్‌ఫారము పొడవు సుమారు 1,072 మీటర్లు. 2013వ సంవత్సరమున గోరఖ్‌పూరు ప్లాట్‌ఫారము దానిని మించువరకు ప్రపంచమున అదియే మిక్కిలి పొడవైనదిగా ప్రసిద్ధి వహించెను. అంత దూరమున తన పెట్టె యెచ్చట నిలుచునో తెలియని ప్రయాణికుడు మొదట తప్పుచోట నిలువవచ్చును. అయినను వాడు ఈ బండి నాది కాదని యింటికి మరలిపోడు. అడిగి తెలిసికొని ముందునకో వెనుకకో నడచును. మద్యవ్యసనమునుండి విముక్తి కోరి తోడివారి సాంగత్యమును వెదకువాడును ఇట్లే మెలగవలెను.

ఆ పట్టణమున రైల్వే కర్మాగారముతోపాటు తెలుగువారును నెలకొనిరి. శ్రీకాకుళము, విశాఖ ప్రాంతములనుండి పొట్ట చేతబట్టుకొని వచ్చినవారి మనుమలు, మునిమనుమలు నేడును అచ్చట తెలుగు మాటలాడుచున్నారు. అట్టివారిలో ఒకని నూహింపుడు. డ్యూటీ దిగినంతనే వాని కాళ్లు మద్యపు దుకాణమువైపు లాగును. సింహాద్రి అప్పన్నపై ఒట్టు పెట్టుకొనును. జీతమునాటికి ఆ ఒట్టు తీసి గట్టున బెట్టును. భార్య కన్నీరు, బిడ్డల భయము చూచి సిగ్గుపడును. ఆ సిగ్గును మరచుటకై మరల త్రాగును. తుదకు ఎవరో చెప్పగా, త్రాగుడు మానినవారు కూడుకొను సమావేశమునకు ఒకనాడు పోవును. అచ్చట వంగభాషలో సాగిన ప్రసంగము వానికి సగమే బోధపడును. పైగా తన వర్కుషాపువాడొకడు కనబడును. ‘ఇది నాకు సరిపడదు’ అని బయటికి వచ్చును.

ఆ మాట సత్యమా, సాకా? దీనికి పరీక్ష యొకటి గలదు. సమావేశము నిజముగా సరిపడనిచో వాడు మరియొక సమావేశమును వెదకును. అది సాకైనచో కాళ్లు దుకాణమునకు పోవును. వ్యసనము మనస్సులో కూర్చుండి న్యాయవాదివలె వాదించును. దాని వాదమును వినక, కాళ్లు పోవు దిక్కును చూడవలెను.

‘తన్ను తానే ఉద్ధరించుకొనవలెనని గీత బోధించుచుండగా, పదిమంది యెందులకు?’ అని కొందరడుగుదురు. 1935వ సంవత్సరమున జరిగిన సంగతి దీనికి సమాధానము. బిల్ విల్సన్ అను అమెరికా దేశస్థుడు అప్పటికి కొన్ని నెలలుగా మద్యము మానియుండెను. వ్యాపారకార్యము చెడి, ఆక్రన్ నగరమున హోటలులో ఒంటరిగా నున్నప్పుడు మద్యశాల వానిని ఆకర్షించెను. తన్ను రక్షించుకొనుటకు మరియొక త్రాగుబోతుతో మాటలాడుటయే దారియని గ్రహించి, టెలిఫోనుపై విచారించి, మే 12వ తేదీన బాబ్ స్మిత్ అను శస్త్రవైద్యుని కలిసికొనెను. పావుగంట మాత్రమే యుందునని వచ్చిన ఆ వైద్యుడు గంటలతరబడి కూర్చుండెను. ఏలయన, తన బాధనే అనుభవించినవాడు ఆ బాధనుగూర్చి చెప్పుచుండెను. నడుమ నొకమారు జారినను, ఆయన పిదప త్రాగలేదు. ఆయన కడపటిసారి త్రాగిన జూన్ 10 ఆల్కహాలిక్స్ అనానిమస్ సంఘమునకు జన్మదినముగా నెన్నబడుచున్నది. చేయి చాచుటయే తన్ను తాను ఉద్ధరించుకొనుటలో మొదటి మెట్టు.

సరియైన సమావేశమునకు గురుతులెవ్వి? తన హృదయము విప్పి చెప్పగల భాష అచ్చట చెల్లవలెను; తెలుగువాడొక్కడు దొరికినను మేలే. సమావేశపు వేళ తన షిఫ్టునకు కుదురవలెను. చాలకాలముగా మానియున్నవారును, నిన్న వచ్చినవారును కలసియుండవలెను. విన్నమాట గడప దాటరాదు. పైన చెప్పిన సంఘమున రుసుము లేదు. మానవలెనను కోరికయే అర్హత. ఇతరులును రాదగిన సమావేశములు కొన్ని, వ్యసనపీడితులకు మాత్రమే యుద్దేశింపబడినవి కొన్ని. ముందుగా విచారించుట మంచిది. దైవమును ఎవరి భావనకు తగినట్లు వారు గ్రహింపవచ్చునని ఆ సంఘము చెప్పుచున్నది. అప్పన్నను కొలుచువాడు అప్పన్ననే కొలువవచ్చును. ఒక్కమారు చూచి నిర్ణయింపక, పలుమార్లు పోయి, వీలైనచో పలుచోట్ల చూడవలెను. అట్లని ఏ లోపమును లేని సమావేశము దొరకువరకు కదలననుటయు సాకే యగును.

ప్రతిదినము అధికముగా త్రాగువాడు హఠాత్తుగా మానినచో వణకు, మూర్ఛ, చిత్తభ్రమ కలిగి ప్రాణాపాయము వాటిల్లవచ్చును. కావున వైద్యుని సలహా ముందు పొందవలెను. 14446 అను ప్రభుత్వ ఉచిత టెలిఫోను సహాయము వ్యసనపీడితులకొరకే యేర్పడినది. ఇల్లాలికిని తోడు కావలెను. త్రాగువారి కుటుంబములకొరకు 1951లో అల్-అనాన్ అను సంఘము వెలసెను.

‘ముందు పవిత్రుడనై పిదప పోవుదును’ అనుకొనువాడు గిరీశచంద్రఘోషును స్మరించుగాక. ఆయన వంగరంగస్థలమున ప్రఖ్యాత నటుడు, నాటకకర్త, మద్యమునకు దాసుడు. శ్రీరామకృష్ణులు ఆయనను మద్యము మాని రమ్మని త్రోసివేయలేదు. వచ్చినవానిని వచ్చినట్లే స్వీకరించిరి. మార్పు ఆ ప్రేమలో క్రమముగా వచ్చెను.

డ్యూటీ దిగినవాడు నేడు తప్పుచోట నిలిచియుండవచ్చును. ఇంటికి మరలక పది యడుగులు నడచుగాక. సిగ్గు విడిచి అడుగుగాక. నిన్నటిదాక తనవలెనే నిలిచినవాడెవడో చేయి యందించును. రేపు ఆ చేయి తాను మరియొకని కందింపవలసియుండును.