యజమాని అయిన ఆటగాడు

క్రికెట్ ఆటగాళ్ల వేలం జరిగిన మరునాడు మా డిగ్రీ తరగతిలో ఒక విద్యార్థి లేచి, "కోట్లు పుచ్చుకునేవాడు అమ్ముడుపోయాడని మనం బాధపడటమెందుకండీ?" అని అడిగాడు. తరగతి నవ్వింది. నేనూ నవ్వాను గాని, వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ధర ఎక్కువైనంత మాత్రాన అమ్మకం అమ్మకం కాకుండా పోతుందా? ఈ ప్రశ్నను నూటముప్పై ఏళ్ల కిందటే అమెరికాలో బేస్‌బాల్ ఆటగాళ్లు వేసుకున్నారు. వాళ్లకు ఎదురు నిలిచిన యజమానుల్లో ముఖ్యుడు ఆల్బర్ట్ స్పాల్డింగ్. ఆయనా ఒకనాటి ఆటగాడే. అందుకే ఆయన కథ ఒక మామూలు ధనికుని కథ కన్న ఎక్కువ ఆలోచింపదగినదిగా నాకు తోచింది.

స్పాల్డింగ్ ఇల్లినాయ్ రాష్ట్రంలోని బైరన్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. బంతి విసిరే పనిలో తన కాలంలో అగ్రగణ్యుడు. 1872 నుంచి 1875 దాకా బోస్టన్ జట్టు వరుసగా నాలుగేళ్లు గెలిచిందంటే ఆ గెలుపులో ఆయన చేతిదే పెద్ద వాటా. అయితే 1875లో, ఇంకా బోస్టన్ ఉప్పు తింటూనే, మరి ముగ్గురు సహచరులతో కలిసి, చికాగో జట్టు తరఫున వచ్చిన విలియం హల్బర్ట్‌తో రహస్యంగా ఒప్పందం చేసుకున్నాడు. ఆటల కాలం మధ్యలో అలా చెయ్యటం అప్పటి నిబంధనలకు విరుద్ధం. నేను మాత్రం దాన్ని తప్పు పట్టను. తన కండబలాన్ని ఎక్కువ ఇచ్చేవాడికి అమ్ముకోవటం తప్ప ఈ సమాజం శ్రామికుడికి ఇచ్చిన స్వేచ్ఛ మరేమున్నది గనుక?

1876లో హల్బర్ట్ నేషనల్ లీగ్‌ను స్థాపించాడు. అదే ఏట స్పాల్డింగ్ చికాగోలో క్రీడాసామగ్రి దుకాణం తెరిచాడు. 1882లో హల్బర్ట్ చనిపోగా చికాగో జట్టుకు తానే అధ్యక్షుడైనాడు. ఈలోగా, 1879లో, యజమానులు తమలో తాము ఒక ఒడంబడిక చేసుకున్నారు. ప్రతి జట్టూ ఐదుగురు ఆటగాళ్లను తనకై అట్టేపెట్టుకోవచ్చు. వాళ్లను మరో జట్టు ముట్టుకోరాదు. దీనికే రిజర్వు నిబంధన అని పేరు. ఐదుగురు కాస్తా క్రమంగా జట్టు మొత్తమైంది. కాగితం మీద ఒప్పందం ఏడాదికి, కట్టుబాటు మాత్రం యజమాని ఇష్టమున్నంత కాలం. ఆటగాడికి ఇష్టం లేకపోతే ఆటే మానుకోవాలి. 1875లో తాను దాటి వచ్చిన గుమ్మానికి స్పాల్డింగ్ ఇప్పుడు కావలి.

1887లో ఆయన తన జట్టులోని మైక్ కెల్లీని పదివేల డాలర్లకు బోస్టన్‌కు అమ్మాడు. కెల్లీ గొప్ప ఆటగాడు, అంత గొప్ప తాగుబోతు. ఆటగాళ్ల తాగుడు కనిపెట్టడానికి స్పాల్డింగ్ ఒకసారి వాళ్ల వెనుక డిటెక్టివును తిప్పాడు. తెల్లవారుజామున మూడింటికి కెల్లీ నిమ్మరసం తాగుతున్నాడని నివేదికలో ఉన్నది. కెల్లీ ఆ ఒక్క తప్పూ దిద్దాడట: ఆ వేళప్పుడు తాను నిమ్మరసం ఎన్నడూ ముట్టలేదు, అది విస్కీ! ఈ ముచ్చటను 1911లో తన పుస్తకంలో రాసుకున్నది స్పాల్డింగే. కాపలా పెట్టినవాడే కథ చెప్పి నవ్విస్తున్నాడు.

ఆ 1887లోనే న్యూయార్క్ ఆటగాడు జాన్ మాంట్‌గొమరీ వార్డ్, బేస్‌బాల్ ఆటగాడు చరాస్తియా అని ప్రశ్నిస్తూ వ్యాసం రాశాడు. వార్డ్ న్యాయశాస్త్ర పట్టభద్రుడు. 1885లో ఆటగాళ్ల సంఘాన్ని నిర్మించినవాడు. 1888 చివర స్పాల్డింగ్ రెండు జట్లను ప్రపంచ పర్యటనకు తీసుకువెళ్లాడు. కొలంబోలో ఆడారు, ఈజిప్టులో పిరమిడ్ల ముందు ఆడారు. వార్డ్ ఆ పర్యటనలో ఉండగానే ఇంటి దగ్గర యజమానులు ఆటగాళ్లను తరగతులుగా విడగొట్టి, 2,500 డాలర్లకు మించి జీతం లేదని తీర్మానించారు. దానితో సంఘం తెగించింది. 1890లో ఆటగాళ్లే తమ సొంత లీగ్ పెట్టుకున్నారు.

అప్పుడు స్పాల్డింగ్ కెల్లీని పిలిపించాడు. పదివేల డాలర్లు చేతికిస్తానన్నాడు. ఆపైన మూడేళ్ల ఒప్పందం, జీతం అంకె కెల్లీయే వేసుకోవచ్చు. కెల్లీ ఆలోచించుకుంటానని బయటికి వెళ్లి, గంటన్నర తిరిగి వచ్చి, తోటివాళ్లను విడిచి రాలేనన్నాడు. ఆ వెంటనే అయిదువందలు అప్పడిగాడు! స్పాల్డింగ్ ఇచ్చాడు. ఇది కూడా స్పాల్డింగ్ స్వయంగా, మెచ్చుకుంటూ, చెప్పినదే.

నేను చాలాసేపు ఈ ఘట్టం దగ్గర ఆగిపోయాను. 1875లో స్పాల్డింగ్‌ను తప్పుపట్టనివాణ్ని, 1890లో కెల్లీ వెళ్లిపోయి ఉంటే తప్పుపట్టేవాణ్నా? పట్టేవాణ్నే. రెండూ జట్టు మారటమే గాని ఒకటి కావు. మొదటి దానిలో నష్టపోయినవాడు యజమాని. రెండో దానిలో నష్టపోయేది సహచరులు. ఎక్కువ ధరకు అమ్ముకోవటమే శ్రామికుని స్వేచ్ఛ అని పైన తొందరపడి రాశాను. అమ్ముడుపోనని చెప్పటం కూడా స్వేచ్ఛేనని, అది ఒంటరిగా దొరకదని, చదువు లేని ఈ తాగుబోతు నాకు చూపించాడు. స్పాల్డింగ్‌కు అది అర్థం కాలేదనుకోను. అర్థమైంది గనుకనే మెచ్చుకున్నాడు. కాని, ఆ మెప్పు ఆయన చేతిని ఆపలేదు.

ఆటగాళ్ల లీగ్ ఒక్క ఏడాదిలో కూలింది. దానికి డబ్బు పెట్టినవాళ్లు కూడా పెట్టుబడిదారులే. నష్టం కనబడగానే స్పాల్డింగ్ పక్షంతో బేరానికి కూచున్నారు. ఆటగాళ్లు తిరిగి అదే నిబంధన కిందకి వచ్చారు. కెల్లీ 1894లో, 36వ ఏట, న్యుమోనియాతో చనిపోయాడు.

ఇందులో మనవాళ్లు దాటవేసే సంగతి మరొకటున్నది. తమను బానిసలతో పోల్చుకున్న ఆటగాళ్ల లీగులో నల్లవాడు ఒక్కడూ లేడు. 1883లో టొలీడోలో, స్పాల్డింగ్ జట్టు నాయకుడు ఆన్సన్, ఎదుటి జట్టులో ఫ్లీట్ వాకర్ అనే నల్లవాడుంటే ఆడనని మొండికేశాడు. టిక్కెట్ల డబ్బు పోతుందనేసరికి ఆడాడు. తరువాత కొద్ది ఏళ్లలోనే నల్లవాళ్లకు మూసుకుపోయిన ఆ పెద్ద లీగుల తలుపు 1947లో గాని తెరుచుకోలేదు.

రిజర్వు నిబంధన 1975 డిసెంబరులో ఒక మధ్యవర్తి తీర్పుతో పడిపోయింది. దానికి ముందు, 1969లో, కర్ట్ ఫ్లడ్ అనే నల్ల ఆటగాణ్ని సెయింట్ లూయిస్ జట్టు ఫిలడెల్ఫియాకు పంపించగా, వెళ్లనని ఎదురుతిరిగాడు. అతని జీతం ఏడాదికి 90,000 డాలర్లు. అంత జీతమిస్తుంటే బాధేమిటని అడిగారు. జీతం బాగా ముట్టినా బానిస బానిసేనన్నాడు. 1972లో సుప్రీంకోర్టు అతని వాదాన్ని తోసివేసింది.

ఈ సంగతి మరుసటి వారం తరగతిలో చెప్పాను. ఆ విద్యార్థి కాసేపు ఊరుకుని, "తరువాత ఫ్లడ్ ఆడాడాండీ?" అని అడిగాడు. 1971లో, కేసు నడుస్తుండగానే, వాషింగ్టన్ తరఫున పదమూడు ఆటలు ఆడాడని, ఆ పైన ఆడలేదని చెప్పాను.