విడిపోయింది ఎక్కడ?

ఉపనిషత్తులో ఉద్దాలకుడు కొడుకు చేత నీళ్ళలో ఉప్పు వేయించి చెప్పిన పాఠం నన్ను చాలాకాలంగా స్థిమితంగా ఉండనివ్వడం లేదు. కనబడదు, కానీ ఉంది అంటాడు. ఏముంది? ఉప్పేనా? ఆ నీళ్ళలో సోడియం అయాన్లది ఒక దారి, క్లోరైడ్ అయాన్లది ఒక దారి. ఒక్కోదాని చుట్టూ నీటి అణువులు మూగి ఉంటాయి. నీళ్ళు ఇగిరిస్తే మళ్ళీ ఉప్పు తేలుతుంది, నిజమే. కానీ ముక్కలన్నీ లెక్కకు సరిపోయినంత మాత్రాన వస్తువు ఉన్నట్టేనా? పోయినవాళ్ళ గురించి "ఎక్కడికీ పోలేదు, మనలోనే ఉన్నారు" అన్నప్పుడూ నా మనసు ఇలాగే ఎదురుతిరుగుతుంది.

సూరత్‌లో జరీకి పూత పెట్టేచోట ఈ సందేహం ఇంకా గట్టిపడింది. మన నేతచీరల అంచుల్లో మెరిసే జరీ ఎంతో అక్కడి నుంచే వస్తుంది. రాగితీగ తొట్టిలోంచి సాగిపోతోంది. తొట్టిలో వెండి ఉందన్నారు. తొంగిచూస్తే మెరుపన్నదే లేదు. పొటాషియం, సయనైడులతో కూడిన వెండి లవణం అందులో కరిగి ఉంటుంది. పొటాషియం విడిపోతుంది, వెండి మాత్రం రెండు సయనైడ్ల పట్టులోనే ఉంటుంది. తీగ దగ్గర ఒక ఎలక్ట్రాన్ అందాకే అది మళ్ళీ లోహం. 96,485 కూలుంబుల విద్యుత్తుకు 107.87 గ్రాముల వెండి, అంతా పూతకే పోతే. లెక్క తప్పదు. మరి అప్పటిదాకా అది వెండి కాదు కదా!

నన్ను తీసుకెళ్ళిన పెద్దాయనది కరీంనగర్ వైపు, పద్మశాలి. లింబాయత్‌లో కాపురం. ఇంట్లో పిల్లలు గుజరాతీలో పోట్లాడుకుంటారు. "ఊరు ఎప్పుడు దూరమైంది పెదనాయినా?" అని అడిగాను.

"సూరత్‌ల గాదు బిడ్డా. మగ్గం బందైన్నాడే ఊరు ఇడిసిన. రైలెక్కుడు తర్వాతి ముచ్చట."

ఆ మాట దగ్గర నా తర్కం ఆగిపోయింది. ఉప్పు సంగతీ అంతేనని తట్టింది.

కరెంటు పెట్టకముందే లవణాలు నీళ్ళలో విడిపోయి ఉంటాయని అరీనియస్ 1887లో అన్నాడు. 1913లో బ్రాగ్‌లు ఎక్స్-కిరణాలతో ఉప్పుగల్లు లోపలి అమరిక తేల్చారు. అందులో జంటలే లేవు. ఒక్కో సోడియం చుట్టూ ఆరు క్లోరైడ్లు, ఒక్కో క్లోరైడ్ చుట్టూ ఆరు సోడియాలు. 1927లో కూడా ఆర్మ్‌స్ట్రాంగ్ అంతటి రసాయనవేత్త దీన్ని ఒప్పుకోలేకపోయాడు. ఆయన బాధ నాకు అర్థమవుతుంది. కానీ సోడియం నుంచి క్లోరిన్‌కు ఎలక్ట్రాన్ చెయ్యి మారిపోయింది ఎప్పుడో. గల్లులో ఉన్నవి కూడా అయాన్లే. నీళ్ళు చెదరగొట్టింది వాటి వరసనే. వెండి కూడా తొట్టిలో పడ్డాక పోలేదు, లవణమైనప్పుడే పోయింది.

అయితే ఉద్దాలకుడిదే నిజమా? ఉప్పు వరకు సగం ఒప్పుకుంటాను. వెండి విషయంలో ఒప్పుకోను. పోయినవాళ్ళ విషయంలో ఇప్పటికీ ఎటూ తేల్చుకోలేను. ఒక్కటి మాత్రం గట్టిగా అనగలను: పోగొట్టుకున్నదాన్ని కరిగినచోట వెతికి లాభం లేదు. మనవాళ్ళు పరాయి ఊళ్ళో కలిసిపోయి భాష మరిచిపోతున్నారని సూరత్‌ను నిందించేవాళ్ళు, ముందు ఆ మగ్గం ఎందుకు ఆగిందో అడగాలి.