మాటకన్నా ముందు చెయ్యి

పోయినేడు అమెరికాలోని ఫ్రీమాంట్‌లో మా అమ్మాయి ఇంటికి వచ్చేసరికి మనవరాలికి పది నెలలు. ఓ రోజు అరటిపండు గుజ్జు తినిపిస్తున్నాను. రెండు చేతుల వేళ్ల కొసలూ చేర్చి టకటకా తాటించింది. చప్పట్లు నేర్చుకుంటోంది కాబోలనుకుని నేనూ చప్పట్లు కొట్టాను. మళ్లీ తాటించింది, మళ్లీ కొట్టాను. దాంతో ఏడుపు లంకించుకుంది. మా అమ్మాయి పరుగున వచ్చి, "ఇంకా పెట్టమంటోందమ్మా! డే కేర్‌లో నేర్పారు" అంది. పసిది రెండుసార్లు మర్యాదగా అడిగింది. అర్థం కానిది నాకే.

పాలు కావాలంటే పొదుగు పిండినట్టు గుప్పిలి మూసి తెరుస్తుంది. చాలనుకుంటే అరచేతులు తిప్పుతుంది. ఏడాది వయసుకి గాని నాలుక, పెదవులు మాటకు లొంగవు. చెయ్యి అంతకన్నా ముందే చెప్పినట్టు వింటుంది. అందుకే ఇక్కడ చాలామంది ఆరేడు నెలలకే సంజ్ఞలు మొదలుపెడతారు.

ఇవి ఎక్కువగా అమెరికా బధిరుల భాషలోవి. 1817లో హార్ట్‌ఫర్డ్‌లో వెలసిన బధిరుల బడిలో ఆ భాష రూపుదిద్దుకుంది. 1880లో మిలాన్‌లో చేరిన విద్యావేత్తలు బధిరులకు నోటిమాటతోనే చదువు చెప్పాలని తీర్మానించారు. ఆ తర్వాత ఎన్నో బళ్లలో సంజ్ఞ చేసిన పిల్లల్ని దండించారు. చెవులు వినపడే మన పిల్లలకు ఇవాళ ముద్దుగా నేర్పుతున్నది ఆ భాషనే. ఆ రుణం మరవకూడదు.

సంజ్ఞలు నేర్పడంవల్ల పిల్లల తెలివి పెరుగుతుందా? కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్‌లో లిండా ఆక్రెడోలో, సుసాన్ గుడ్విన్ చేసిన పరిశోధనలు మాటలు నేర్వడానికి మేలే అన్నాయి. 2013లో ఇంగ్లండులోని హెర్ట్‌ఫర్డ్‌షైర్ పరిశోధకులు 40 మంది పసివాళ్లను ఎనిమిదో నెల నుంచి ఇరవయ్యో నెలదాకా గమనించారు. మాటల్లో తేడా కనబడలేదు. తల్లులలో మాత్రం కనబడింది. సంజ్ఞలు నేర్పిన తల్లులు పిల్లల కదలికల్ని మరింత శ్రద్ధగా పట్టించుకున్నారు. నాకు ఈ ఫలితమే నచ్చింది.

మనకీ చేతి ఆటలు తక్కువేం కాదు. జేజ పెట్టించాం, తారంగం ఆడించాం, చందమామను రమ్మని చెయ్యి ఊపించాం. కాని అవన్నీ మనం అడిగితే పిల్లలు చేసి చూపేవి. ఇంటికెవరైనా వస్తే "తాతగారికి జేజ పెట్టు" అనేవాళ్లం. పిల్ల తనకేం కావాలో తనంతట తాను అడగడానికి ఒక్క సంజ్ఞ అయినా నేర్పామా? "ఇక చాలు" అని పసిచేతులు తిప్పితే ముద్ద ఆపామా? ఇంకో రెండు ముద్దలు కుక్కాం. పరాయి దేశంలో మనవరాలి దగ్గర నేను నేర్చుకున్న విలువ ఇదే: పసివాళ్ల 'వద్దు'కీ మన్నన ఉండాలి.

తెలుగు పోతుందేమోనని బెంగపడకండి. సంజ్ఞకు తోడు నోటితో ఏ మాట అంటే ఆ మాటే పిల్లకు అంటుకుంటుంది. డే కేర్‌లో "మోర్" అంటూ చూపిన సంజ్ఞకే ఇంట్లో నేను "ఇంకా" అని జోడించాను. పద్నాలుగో నెలలో వేళ్లు తాటిస్తూ "ఇంతా" అంది.

మనవల దగ్గరికి రాబోయే అమ్మమ్మలకీ తాతయ్యలకీ ఒక మాట: ఆరు నెలల మందులు సర్దుకునేటప్పుడే వీడియో కాల్‌లో నాలుగు సంజ్ఞలు అడిగి నేర్చుకోండి. వచ్చాక టీవీ కట్టేసి, ఆ చేతుల వంక చూడండి.